ఇసుక దిబ్బల్లో పిలుపు

నేను ఒట్లు పెట్టే మనిషిని కాను. ఇరిగేషన్ శాఖలో జీవితమంతా కొలతలు తీసి, చూసింది చూసినట్టు రాసి రిటైరయ్యాను. ఇప్పటికీ రాత్రి డైరీ రాయనిదే పడుకోను. అలాంటివాణ్ణి చెబుతున్నాను... ఇది జరిగింది. నా చెవులతో విన్నాను. నమ్మకపోతే మీ ఇష్టం.

మేం అప్పటికి ఆక్లండ్‌కి వచ్చి కొన్నేళ్లయింది. బోటనీ డౌన్స్‌లో అమ్మాయి దగ్గర ఉండేవాళ్లం. అక్కడ జూలై అంటే నడి చలికాలం. ఆ చలికి, ఆ తేమకి మా ఆవిడ వసుంధర మోకాళ్లు పట్టేసేవి. అందుకని ఆ ఏడు శీతాకాలానికి దేశం ఉత్తర కొసన ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. అక్కడ చలికాలమే ఉండదంటారు. నిజంగానే పగలంతా వెచ్చగా, మన పుష్యమాసం ఎండలా ఉండేది. ఇంకా పైకి వెళితే సముద్రం ఒడ్డున ఎడారిని తెచ్చి పోసినట్టు ఇసుక కొండలు. పక్కనే ఒక వాగు. ఆ వాగులో కాలు ఆపితే దిగబడిపోతుంది.

ఇద్దరికే ఏం తోస్తుందని పాత స్నేహితుల్ని పిలిచాను. వెల్లింగ్టన్ నుంచి గోపాలం, వాడి భార్య శకుంతల. టౌరంగా నుంచి సత్యం. ముగ్గురం రాజమండ్రిలో ఒకే ఆఫీసు. సత్యం భార్య అనసూయ పోయి అప్పటికి రెండేళ్లు.

ఆ రోజు పులిహోర, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని దిబ్బల దగ్గరికి వెళ్లాం. అద్దెకిచ్చే ప్లాస్టిక్ పలకల మీద పిల్లల్లా జారాం. గోపాలం బోర్లాపడి నోటినిండా ఇసుకతో లేచాడు. శకుంతల కడుపు పట్టుకుని నవ్వింది. పొద్దు వాలుతుండగా పైన చాప పరుచుకుని కూర్చున్నాం. అప్పుడన్నాడు సత్యం.

"మొహం ఫోటోల్లో ఉందిరా. గొంతే గుర్తు రావట్లేదు. 'ఏవండీ' అని పిలిచేది కదా... అది ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా రావట్లేదు. ఒక్కసారి వినిపిస్తే చాలు. ఇంకేం అడగను."

గోపాలం ఊరుకోడుగా.

"అదృష్టవంతుడివిరా. నాకు పొద్దున లేస్తే అదే మోత. కావాలంటే శకుంతలని టౌరంగా తీసుకుపో. రోజుకి వందసార్లు వినొచ్చు."

"ఛీ, ఊరుకోండి!" అంది శకుంతల. కానీ నవ్వింది. మేమూ నవ్వాం. అందరికంటే ఆఖర్న సత్యం నవ్వాడు.

చీకటి పడుతోందని శకుంతల ముందే దిగి కింద కార్లో కూర్చుంది. నేను వసుంధర చెయ్యి పట్టుకుని మెల్లగా దింపుతున్నాను. వెనక గోపాలం, సత్యం చాప దులుపుతున్నారు. గాలి లేదు. దూరంగా సముద్రం హోరు... అంతే.

అప్పుడు వినిపించింది.

"ఏవండీ..."

వెనకనుంచి. దిబ్బల లోపలినుంచి. కాఫీ చల్లారిపోతోందని వంటింట్లోంచి మా ఆవిడ పిలుస్తుందే... అచ్చం అలా. చివర కొంచెం సాగదీసి. ముప్ఫై ఏళ్లకు పైగా విన్న గొంతు. నాకు తెలియకుండానే "ఆఁ... వస్తున్నా" అన్నాను. అని వెనక్కి తిరిగాను కూడా.

నా ముంజేతి మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"నేను పిలవలేదండీ..." అంది వసుంధర.

నా పక్కనే ఉంది. నేను పట్టుకున్న చెయ్యి ఆవిడదే. ఆ చెయ్యి చల్లబడిపోయింది.

"కానీ... అది నా గొంతే" అంది. "నా గొంతేనండీ."

పైన గోపాలం విసుక్కుంటున్నాడు. "వస్తున్నానే శకుంతలా! అటెందుకు వెళ్లావు ఈ చీకట్లో?" అంటూ దిబ్బల లోపలికి రెండడుగులు వేశాడు. వేసి ఆగిపోయాడు. కింద కార్లో లైటు వెలుగుతోంది. ఆ లైటు కింద శకుంతల తల వంచుకుని చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది.

"ఏవండీ... ఇటు..."

మళ్లీ. ఈసారి ఇంకొంచెం దూరంగా. సముద్రం వైపు నుంచి. గోపాలానికి శకుంతల గొంతు. నాకు వసుంధర గొంతు. ఒకే పిలుపు.

"ఎవర్రా? ఏమైంది? ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు సత్యం.

వాడికి వినపడలేదు. మా ముగ్గురికీ వినిపించింది. వాడొక్కడికే వినపడలేదు.

"ఆడగొంతు... 'ఏవండీ' అని..." అంది వసుంధర. చెప్పకుండా ఉండాల్సింది. సత్యం చేతిలో చాప జారిపోయింది.

"ఏదీ? ఎటు? నాకు వినపడదేంరా? గోపాలం, ఎటురా?" అంటూ గోపాలం భుజాలు పట్టుకుని కుదిపాడు.

గోపాలానికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. భయపడితే వాడికి కోపం వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతేనట.

"వదలరా నన్ను! మా పెళ్లాలు బతికుండి కూడా పిలుస్తున్నారు. మీ ఆవిడ చచ్చి కూడా నిన్ను పిలవట్లేదంటే అర్థం చేసుకో!"

సత్యం వాణ్ణి వదిలేశాడు. తిరిగి దిబ్బల్లోకి నడవడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా కాసేపు కనిపించింది. తరవాత అదీ లేదు.

మేం కిందకి పరుగెత్తాం. నేను కారు హెడ్‌లైట్లు వేశాను. వెలుగు మొదటి దిబ్బ దాకా పోయి ఆగిపోయింది. దాని వెనక ఒకపక్క వాగు, ఒకపక్క సముద్రం. ఏ దిబ్బ చూసినా ఒకలాగే ఉంటుంది. ఫోన్లు అక్కడ పనిచెయ్యవు. వెళ్లి తీసుకురావాలి... కానీ ఎలా వెళ్తాం? మేం వెళ్లాల్సిన వైపు నుంచే అది పిలుస్తోంది. నేను గోపాలం వైపు చూశాను. గోపాలం నా వైపు చూశాడు. ఇద్దరం కదల్లేదు.

ఆడవాళ్లిద్దరూ అరుస్తున్నారు. "అన్నయ్యగారూ! వచ్చేయండి అన్నయ్యగారూ!"

చీకట్లోంచి వాడి గొంతు వచ్చింది. "అరవకండి! మీ గోలలో నాకు వినపడట్లేదు!"

అందరం నోరు మూసుకున్నాం.

"ఇంకా పిలుస్తోందా? ఎటునుంచిరా? చెప్పరా... నీకు దణ్ణం పెడతాను, ఎటు?"

పిలుస్తోంది. స్పష్టంగా వినిపిస్తోంది. సముద్రం వైపే. "ఏవండీ... ఇటు..." ఇప్పుడు తొందరపడుతున్నట్టు ఉంది.

"ఇటు!" అని అరిచాను. "ఇటురా సత్యం! కారు వైపు! ఇక్కడినుంచే పిలుస్తోంది!"

అబద్ధం. అది చెప్పకపోతే వాడు నీళ్లలోకి పోయేవాడు. ఈ రోజు అడిగినా అదే చెబుతాను.

ఇసుక జారుతున్న చప్పుడు. పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. దిబ్బ మీద తెల్ల చొక్కా కనిపించింది. హెడ్‌లైట్ల వెలుగులోకి వచ్చాడు. కాళ్లకి చెప్పుల్లేవు. అరవై దాటిన మనిషి... పెళ్లిచూపులకి వెళ్లే కుర్రాడి మొహం. అంత ఆశ ఒక మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. కారు వెనకకి వెళ్లి చూశాడు.

"ఏదిరా?" అన్నాడు.

నేను వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని కార్లోకి తోసి తలుపు వేసేశాను. గోపాలం నవ్వాడు. భయానికే నవ్వాడు, కానీ నవ్వాడు. పిలుపు అప్పటికే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో మాలో ఎవరమూ చెప్పలేం.

దారంతా టైర్ల కింద కంకర చప్పుడు.

తెల్లారి గోపాలం వాళ్లు మొహం చాటేసి ముందే బయల్దేరారు. సత్యం బయట మెట్ల మీద కాఫీ తాగుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నిన్న నీకు అబద్ధం చెప్పానురా. అటునుంచి కాదు పిలిచింది" అన్నాను.

"అబద్ధం కాదు" అన్నాడు. "నువ్వు చెప్పాక నాకూ వినిపించింది. నువ్వు చెప్పిన వైపు నుంచే. కారు వెనకనుంచి. అనసూయే."

కారు దగ్గర మేం నలుగురమే ఉన్నాం. ఆడవాళ్లు అప్పటికి నోరు మెదపట్లేదు.

"ఏమంది?"

కాఫీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"'ఏవండీ, ఇటు రాకండి' అంది. రెండుసార్లు అంది. నువ్వు రమ్మన్నావు కదాని వచ్చాను."

మొహంలోకి చూశాను. నవ్వు లేదు. ఏడుపూ లేదు. నిజంగానే విన్నాడా? నేను చేసినదానికి నన్ను ఏడిపించాలని అన్నాడా? విన్నదే నిజమైతే... అటు రమ్మన్నది ఎవరు? ఇటు రావద్దన్నది ఎవరు? మేం వాణ్ణి దేన్నుంచి తప్పించాం? దేంట్లోకి లాక్కొచ్చాం? ముందు రాత్రి డైరీలో "సత్యం క్షేమం" అని రాసి పడుకున్నాను. ఆ ముక్క నిజమో కాదో ఈనాటికీ నాకు తెలియదు.

ఇప్పటికీ నెలకోసారి టౌరంగా నుంచి ఫోన్ చేస్తాడు. ఆ రాత్రి మాట ఎత్తడు.

"చెల్లెమ్మ ఉందా?" అంటాడు.

"ఉంది. వంటింట్లోంచి పిలుస్తోంది" అంటాను.

"చూసి చెప్పు" అంటాడు.

ఫోన్ పక్కన పెట్టి, లేచి వెళ్లి, చూసొచ్చి చెబుతాను.