బూటులో చెయ్యి

ఆ వేసవిలో రోజూ సాయంత్రం మా ఆయన చెరువు నుంచి రాగానే నేను చేసే మొదటి పని, ఆయన బూట్లలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడమడం. చూసి చూసి పక్కింటావిడ ఒకరోజు "ఏం పోయిందండీ?" అని అడిగింది. ఏమీ పోలేదు, పోకూడదనే ఆ తడుములాట.

మా ఆయనకి షుగరు. నేను నందిగామలో సైన్సు టీచర్ని కాబట్టి ఇంట్లో ఉపన్యాసాలకి లోటు లేదు, వినేవాళ్ళకే లోటు. అంతకు ముందు ఏడు ఆయన కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. తిమ్మిర్ల వల్ల ఆయనకి నొప్పి తెలియలేదు, ఆయన చెప్పక నాకూ తెలియలేదు. ఒక దశలో వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నారు డాక్టరుగారు. ఆరు నెలలకి ఎలాగో మానింది. "ఇక ఈ కాలు నీళ్ళల్లో నానకూడదండీ. మళ్ళీ పుండు పడితే నేను హామీ ఇవ్వలేను" అని చెప్పి పంపించారు.

ఆ మాట చేపల చెరువు ఉన్న మనిషికి చెప్పారాయన. చిల్లకల్లు దగ్గర మా పొలంలో రెండెకరాలు తవ్వించి బొచ్చె, శీలావతి పెంచుతున్నాం. మొలలోతు నీళ్ళలో దిగి వల కొస తనే పట్టుకుంటే తప్ప మా ఆయనకి చేపలు పట్టినట్టుండదు. డాక్టరు చెప్పాక గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని "అటు లాగండి, ఇటు లాగండి" అని కూలీల మీద కేకలెయ్యడమే మిగిలింది. ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయేవారు. "నా చెరువుకి నేనే చుట్టపుచూపుగా పోతున్నా" అన్నారొకరోజు. అప్పటిదాకా ఎంత విసుక్కున్నానో, ఆ మాటకి అంత జాలేసింది.

అప్పుడు మా అమ్మాయి ఫోన్లో వెతికి ఒక రబ్బరు ప్యాంటు తెప్పించింది. ముదురాకుపచ్చ రంగు, ఛాతీ దాకా వస్తుంది, భుజాలకి పట్టీలు, కింద బూట్లు దానికే అతికి ఉంటాయి. చెరువులో దిగినా లోపలికి చుక్క రాదట. కొత్త అల్లుడు బట్టలు చూసుకున్నట్టు మా ఆయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగారు. నేను ఒక్క షరతు పెట్టా. రోజూ ఇంటికొచ్చాక బూట్లో చెయ్యి పెట్టి చూస్తా, పొడిగా ఉంటే మర్నాడు దిగొచ్చు, తడి తగిలిందా, ప్యాంటు అటకెక్కుతుంది.

రెండు నెలలు బూట్లు ఎండుగడ్డిలా ఉన్నాయి. ఆయన అన్నం మారడిగి తిన్నారు. నేను కూడా అమ్మాయి తెలివిని బడిలో అందరికీ చెప్పుకున్నా.

మూడో నెలలో ప్యాంటు చిరిగింది. రాత్రిళ్ళు ఎవరూ వల వెయ్యకుండా చెరువులో తుమ్మకంపలు పడేస్తారు మా వైపు. దొంగ వల వేస్తే కంపకి పట్టుకుని పీలికలవుతుంది. దొంగల సంగతేమో గానీ, తను వేయించిన కంపకి తనే చిక్కుకున్నారీయన. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని ఊరికే అన్నారా? మోకాలి దగ్గర జానెడు చిరుగు. బూటు నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక బుల్లి రొయ్య కూడా.

ప్యాంటు పట్టుకుని హైవే మీద లారీలకి పంచర్లేసే షాపుకి వెళ్ళాం. పంచరాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాడు.

"ఇదేందండీ, మనిషికి పంచరా?"

"లీకు ఎక్కడున్నా నీదే బాధ్యత" అన్నారు మా ఆయన.

పెద్ద చిరుగుకి ముందుగా పాచ్ పడింది సరే, కనపడని చిల్లులు ఇంకెన్నున్నాయో తెలియాలి కదా. పంచరాయన కాసేపు బుర్ర గోక్కుని, పై అంచు చుట్టచుట్టి పాత ట్యూబు ముక్కతో గట్టిగా కట్టి, సందులోంచి గాలి పైపు దూర్చాడు. ప్యాంటు ఉబ్బింది. ఉబ్బి ఉబ్బి లేచి నిలబడింది. తల లేని పెద్దమనిషి ఒకడు పొట్టేసుకుని మాతో పాటు నిలబడ్డట్టే ఉంది. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు గ్లాసులు వదిలేసి ఫోన్లు తీశారు. పంచరాయన దాని ఒళ్ళంతా సబ్బు నురగ పూశాడు. బుడగ లేచిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాడు. చిరుగు కాక నాలుగు తేలాయి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరాక పాచ్ వేసి సుత్తితో తట్టాడు.

అయినా నాకు నమ్మకం చాల్లేదు. మర్నాడు బడి అవగానే చెరువు గట్టు మీదికే వెళ్ళి నిలబడ్డా. ఆయన నీళ్ళలోంచి బయటికి రావడం, నేను బూట్లో చెయ్యి పెట్టడం ఒక్కసారే జరిగాయి. తడి!

మళ్ళీ షాపు, మళ్ళీ గాలి. ఈసారి ఒక్క బుడగ కూడా లేవలేదు. "అనుమానం ఎందుకు" అని అతుకుల వెంట ఇంకో వరస పాచ్‌లు వేయించాం. మర్నాడు గట్టు మీద చూస్తే మళ్ళీ తడి. మూడోసారి వెళ్ళేసరికి పంచరాయన మొహం ఎర్రగా అయిపోయింది.

"మేడం, నేనేసిన పాచ్‌తో లారీలు హైదరాబాద్ పోయొస్తున్నయ్. మీ ఆయన చెరువు దాటలేకపోతున్నాడా?"

నేను నాలుగు మాటలన్నా. మా ఆయన పక్కనే నిలబడి ఆకాశం చూస్తున్నారు.

"ఇంక అటకెక్కిస్తున్నానండీ" అన్నా ఇంటికొచ్చాక. ఆయన ఆ పూట పెరుగన్నం కూడా వద్దన్నారు. మళ్ళీ ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని ఊహించుకుంటే నాకూ ముద్ద దిగలేదు.

ఆదివారం అటక మీదికి ఎక్కించబోతూ ఆఖరిసారి చూద్దామని ఆ ప్యాంటు నేనే తొడుక్కున్నా. సైన్సు టీచర్ని కదా, పరీక్ష చెయ్యకుండా ఎలా ఒప్పుకుంటా? ముందు నీళ్ళు లేని చోట చూద్దామని మిట్టమధ్యాహ్నం పెరట్లో అటూ ఇటూ నడిచా. పక్కింటావిడ ఈసారి ఏమీ అడగలేదు, తలుపేసుకుంది. అరగంట తర్వాత విప్పి బూట్లో చెయ్యి పెడితే, తడి. చెరువు పది మైళ్ళ అవతలుంది, నా పెరట్లో నీళ్ళ చుక్క లేదు. వేలు నాలిక మీద పెట్టుకున్నా. ఉప్పగా ఉంది.

చెమట! మన ఎండల్లో రబ్బరులో దూరితే ఇంకేమవుతుంది?

"లీకు లేదండీ, చెమట!" అని అరుచుకుంటూ లోపలికి పరిగెత్తా. గెలిచాననే అనుకున్నా. ఆయన నవ్వారు గానీ నేను అనుకున్నంత నవ్వలేదు. అప్పుడు వెలిగింది నాకు.

"మరి ఆ రెండు నెలలూ బూట్లు పొడిగా ఎట్లా ఉన్నాయి?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు. "గట్టు మీద తుడుచుకొచ్చేవాణ్ణి."

"రోజూనా?"

"రోజూ. తడుంటే నువ్వు దిగనివ్వవు గదా. చిరిగిన కాడ్నుంచి నువ్వే గట్టు మీదికి వస్తున్నావు, తుడిచే సందు లేకపోయింది."

పంచరాయన ఎర్రటి మొహం కళ్ళ ముందు మెదిలింది. నోరు తెరిచా, అరవడానికే. కానీ అరుపుకి ముందు ఇంకో ప్రశ్న వచ్చేసింది.

"బూటు తుడిచారు సరే. కాలు తుడుచుకున్నారా?"

"కాలా?" అన్నారాయన.

అంతే. నేను రోజూ బూటు చూశా, ఆయన రోజూ బూటు తుడిచారు. చాప మీద కూర్చోబెట్టి కాలు ఒళ్ళోకి లాక్కున్నా. చిటికెనవేలి సందున చర్మం తెల్లగా నాని, గోరంత మేర చిట్లి ఉంది. ఆయనకి తెలియనే తెలియదు.

డాక్టరుగారు ఇద్దర్నీ కలిపి చివాట్లేశారు. ఇంకో వారం ఆగితే కథ వేరుగా ఉండేదన్నారు. మూడు వారాలు మందు రాసి, కట్టు కడితే మానింది. ఇప్పుడు ఆయన పొద్దున్నే ఎండ ముదరకముందు అరగంట దిగుతారు, నూలు మేజోళ్ళు వేసుకుని. పంచరాయనకి మూడు కిలోల బొచ్చె తీసుకెళ్ళి తప్పయిందని చెప్పా. తీసుకున్నాడు, "ఇంకోసారి మనుషుల్ని తేకండి మేడం" అన్నాడు.

కాలు మానాక మొదటిసారి చెరువులో దిగి ఇంటికొచ్చిన రోజు, అలవాటు కొద్దీ ఆయన గుమ్మంలోనే బూటు నా వైపు చాచారు.

"అది అక్కడ పడెయ్యండి" అన్నా తువ్వాలు అందుకుని. "కాలివ్వండి."