సిస్టరమ్మ సామాన్ల ఆట

పోయిన ఆదివారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, పొంగిపోతాయేమోనని పక్కనే నిలబడి చూస్తున్నాను. పై పోర్షన్‌లో ఉండే సిస్టరమ్మ దగ్గరికి ముందురోజే వచ్చిన ఆమె అక్క కూతురు మెట్లు దిగి వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. "పెద్దమ్మా, పిన్ని లేవట్లేదు" అంది. నేను పైకి వెళ్ళేసరికే తెలిసిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు.

నేను రోజూ ఎవరికో ఏదో అవుతుందని భయపడే మనిషిని. మావాడు బండి మీద వెళితే భయం, రావడం ఆలస్యమైతే భయం, తొందరగా వచ్చినా ఏమైందోనని భయం. కానీ ఈ మధ్య నా భయాల్లో ఆమె లేదు. కంట్లో చుక్కలు వేసుకుంటోంది, మెట్లెక్కుతోంది, నవ్వుతోంది, ఇంక ఆమెకేమవుతుంది అనుకున్నాను. అదే నాకు మింగుడు పడడం లేదు.

లాల్‌దర్వాజాలో మా సందంతటికీ ఆమె సిస్టరమ్మ. గుంటూరు వైపు మనిషి. సర్కారు దవాఖానలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. మా పైన పోర్షన్ అద్దెకు తీసుకుని వచ్చినప్పుడు మావాడింకా బడికి పోతున్నాడు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా దవాఖాన జీపు వచ్చి ఆమెను తీసుకుపోయేది. ఆమె తిరిగొచ్చేదాకా నేను మెట్ల మీదే కూర్చునేదాన్ని. జీపు దిగి నన్ను చూసి, "ఇంకా ఇక్కడే ఉన్నారా వదినగారూ? నన్ను కాపాడింది మీ కంగారే అయ్యుంటుంది. పదండి, టీ పెట్టండి" అనేది. ఆమె నన్ను మీరు అనేది, నేను ఆమెను నువ్వు అనేదాన్ని. చివరిదాకా అట్లాగే జరిగిపోయింది.

రిటైరయ్యాక ఆమెకు పొద్దుపోలేదు. అక్క కూతురు కంప్యూటర్ కోర్సులు చెప్పే చోట పనిచేస్తుంది. అక్కడ పాతవి తీసేస్తుంటే, టీవీ అంత పెట్టె ఉన్న ఒక కంప్యూటర్ తెచ్చి పిన్నికి పెట్టింది. దాంట్లో పేకాట నేర్పింది. ఆమెకు నచ్చలేదు. తర్వాత ఒక సీడీ తెచ్చింది. దాంతో మా ఇద్దరికీ పిచ్చి పట్టింది.

ఆ ఆట తెలియని వాళ్ళకు చెప్తాను. తెర మీద ఒక గది బొమ్మ ఉంటుంది. ఆ గదిలో చీమ దూరే సందు లేకుండా సామాను. కింద ఇంగ్లీషులో వస్తువుల పేర్లు. ఆ పేరున్న వస్తువును బొమ్మలో కనిపెట్టి మౌస్‌తో నొక్కాలి. సరైనదైతే ఆ వస్తువు మాయమవుతుంది, దాని పేరు మీద గీత పడుతుంది. నాకు ఇంగ్లీషు రాదు. ఆమె పేరు చదివి తెలుగులో చెప్పేది, ఇద్దరం వెతికేవాళ్ళం. మేము దాన్ని సామాన్ల ఆట అనేవాళ్ళం. అన్నం తిన్నాక మొదలుపెడితే నల్లా నీళ్ళు వచ్చేదాకా ఆడేవాళ్ళం. నాకు ఒక చెవి ఎప్పుడూ నల్లా మీదే ఉండేది.

"వదినగారూ, కత్తెర."

"గదిగో, పరుపు మీద. పిల్లలు తిరిగే ఇంట్ల కత్తెర పరుపు మీద పెడ్తరా ఎవరన్న? ఈ ఇంటి ఆడమనిషి యాడికి పోయింది?"

"ఆవిడ కనపడకుండా పోయిందనే కదండీ కథ. ఆవిణ్ణి వెతకడానికే మనం వచ్చాం."

"మనమెందుకు వెతకాలె? రేపు ఏమన్న కేసయితే మనల్ని పిలుస్తరు."

ఆమె మౌస్ వదిలేసి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను నిజంగానే అన్నాను. ఆ మాటకొస్తే తప్పు చోట నొక్కితే పెట్టె కాలిపోతుందేమోనని కూడా చాలా రోజులు భయపడ్డాను.

ఆ ఆటల మీద ఆమెకు గట్టి అభిప్రాయాలుండేవి. దాచిన వస్తువు సగమైనా కనపడాలి అనేది. "గోడకున్న రంగే గొలుసుకీ వేసి గోడ మీద తగిలిస్తే అది దాచడం కాదండీ, మోసం" అనేది. టైము పెట్టే ఆటలు అసలు ముట్టేది కాదు. బతుకంతా డ్యూటీ బెల్లు విన్నాను, ఇంకా వినమంటే ఎట్లా అనేది. సాయం అడిగే బొత్తాం ఒకటుంటుంది, అది నొక్కితే వస్తువు చుట్టూ మెరుపులొస్తాయి. నేను అది నొక్కడం నామోషీ అనుకునేదాన్ని. ఆమె ఒప్పుకోలేదు. "దవాఖానలో అడగడానికి మొహమాటపడ్డవాళ్ళనే చివరికి స్ట్రెచర్ మీద తెచ్చేవాళ్ళు. నొక్కండి" అనేది.

తర్వాత తర్వాత వచ్చిన ఆటలు ఆమెకు నచ్చలేదు. వాటిల్లో దయ్యాలు, శాపాలు, మనుషులు ఆగకుండా మాట్లాడడం. "కథకి నాకు సీరియళ్ళున్నాయిరా నాయనా, నువ్వు సామాను దాచు చాలు" అని తెరతో చెప్పేది. పాత సీడీలే మళ్ళీ మళ్ళీ పెట్టేది. అటక గది, రైలు పెట్టె, పాత సామాన్ల కొట్టు. నాకు రైలు పెట్టె ఇష్టం లేదు, ఎవరో సామాను మరిచిపోయి దిగిపోయినట్టుండేది.

ఒక బోనాల పండుగ ముందు అక్క కూతురు కొత్త సీడీ తెచ్చింది. కాసేపు ఆడి సిస్టరమ్మ విసుక్కుంది. "ఇదేం ఆటండీ, మూలలన్నీ చీకటి చేసిపెట్టాడు. అక్కడ దాస్తే ఎవరికి కనపడుతుంది?" నాకు మూలలు బాగానే కనపడుతున్నాయి. కానీ ఆమె చదువుకున్న మనిషి, ఆమె అంటే ఉంటుందిలే అనుకున్నాను. కొన్ని రోజులకు ఆమె ఎంతో మెచ్చుకున్న అటక గది సీడీ పెట్టింది. మళ్ళీ అదే మాట. "దీంట్లో కూడా మూలలు చీకటేనండీ."

నిరుడు ఇదే బొమ్మలో మూలనున్న బొంగరాన్ని నాకంటే ముందు పట్టింది ఆమే. బొమ్మ మారదు కదా. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆమె పక్కన పెట్టిన టీ గ్లాసు చెయ్యి తగిలి పడిపోవడం, సందులో గోడకు ఆనించి ఉన్న సైకిల్‌కు గుద్దుకుని ఎవరు అడ్డం పెట్టారని తిట్టడం. అది రోజూ అక్కడే ఉండే సైకిల్.

చెప్పి చూశాను. "సిస్టరమ్మా, కండ్లు చూపించుకోరాదు?"

"మొన్ననే అద్దాలు చేయించానండీ. చిన్న అక్షరాలు కూడా చదివాను. నేను నర్సుని, నాకు తెలీదా?"

మావాడికి చెప్పాను. "అమ్మా, మనుషుల ఫికర్ సాల్తలేదని ఇగ బొమ్మల ఫికర్ గూడ వెట్టుకున్నవా?" అన్నాడు. వాడి తప్పు కాదు. గ్యాస్ వాసన వస్తోందని నేను ఎన్నిసార్లు లేపితే ఎన్నిసార్లు ఏమీ లేకుండా పోయిందో వాడికే తెలుసు. ఎప్పుడూ భయపడే మనిషి ఇంకోసారి భయపడితే ఎవరు పట్టించుకుంటారు? నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆమెకు ఆ కళ్ళు పోతే చుట్టూ చూసుకునేవాళ్ళు లేరు. కళ్ళతోనే వండుకుంటోంది, మెట్లు దిగుతోంది, బైబిల్ చదువుకుంటోంది.

చివరికి ఆమె దగ్గరికి వెళ్ళి, "నాకు కండ్లు మసకైతున్నయి. కండ్ల దవాఖానకు తోడు రా" అన్నాను.

"మీకా? నా సూదిలో దారం ఎక్కించేది మీరే కదండీ."

"ఏమో, భయమైతున్నది."

"మీకు భయం కాని రోజేది? పదండి, చీర మార్చుకోండి."

రోగిని ఒంటరిగా పంపడం ఆమె వల్ల కాదని నాకు తెలుసు. దవాఖానలో నా వంతు వచ్చింది. గడ్డం ఆనించి చూసే మిషన్ ముందుకు రమ్మంటే నేను గోడకు అంటుకుపోయాను. సగం నటన, సగం నిజం. "దీంట్ల తలకాయ పెడితే కరెంటు కొడ్తదేమో. ముందు నువ్వు కూసో, నేను చూస్త."

డాక్టరు నవ్వాడు. "కుచ్ నై హోతా అమ్మా, ఏం కాదు."

"ఈవిడకి ధైర్యం రావాలంటే నేనే కూర్చోవాలండీ డాక్టరుగారూ" అని సిస్టరమ్మ నా తరఫున సిగ్గుపడుతూ గడ్డం ఆనించింది. డాక్టరు ఒక కన్ను చూశాడు, రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. నవ్వడం ఆపేశాడు. "మీకు కూడా చీటీ రాయించండి మేడమ్" అన్నాడు.

తర్వాత ఆమెను లోపల ఇంకో మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, చిన్న చిన్న వెలుగులు ఎక్కడ కనపడ్డా చేతిలోని బొత్తాం నొక్కాలట. మేము రోజూ ఆడేదే. తెచ్చిన కాగితంలో నడుమ తెల్లగా, చుట్టూ నల్లగా ఉంది. నీటికాసులు అన్నాడు డాక్టరు, కాలా మోతియా, సిస్టరమ్మ భాషలో గ్లకోమా. నొప్పి ఉండదు, ఎర్రబడదు, నడిమి చూపు బాగానే ఉంటుంది, అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయింది తిరిగి రాదు. పొద్దున సాయంత్రం చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నదాన్ని ఆపచ్చు. ఇంకో ఏడాది ఆగి వస్తే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు.

ఆటోలో ఆమె చార్మినార్ దాటాక అంది, "ఆ ఆట చేసినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టానండీ. పాపం, మూలలు బాగానే వేశారు."

నాకు ఏడుపొచ్చింది.

"మీ కళ్ళకేం లేదు కదూ?" అంది.

"లేదు."

"మరి ముందే చెప్పచ్చుగా?"

"చెప్తే వస్తుంటివా?"

"రాను." మా సందు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. మరునాడు పైకి వెళితే టీ ఇచ్చి చెప్పింది, "భయపడడం కూడా ఒక డ్యూటీయే వదినగారూ. ఎవరో ఒకరు చెయ్యాలి." నన్ను ఎగతాళి చెయ్యకుండా ఆ మాట అన్నది లోకంలో ఆమె ఒక్కతే.

అప్పటినుంచి చుక్కల మందు వేళకు కింద నుంచి నేను గిన్నె మీద గరిటెతో కొట్టేదాన్ని. వేసుకున్నాక పైనుంచి ఆమె కాలితో నేల మీద తట్టేది. తట్టకపోతే నేను పైకెక్కేదాన్ని, ఆమె సీసా చేతిలో పట్టుకుని "ఇప్పుడే వేస్తున్నానండీ మహాతల్లీ" అనేది. చూపు అక్కడే ఆగింది. చివరి శనివారం కూడా బైబిల్ తానే చదువుకుంది. సామాన్ల ఆట కూడా మానలేదు. పంచుకున్నాం. పేర్లు చదవడం, నడుమ వెతకడం ఆమె పని. చుట్టూ అంచులు నా పని. నడుమ అయిపోయాక కుర్చీలో వెనక్కి ఆనుకుని, "మీ పేట మొదలు" అనేది.

శ్మశానం నుంచి వచ్చిన తర్వాతి రోజు ఆమె అక్క కూతురు గది సర్దుతూ నన్ను పిలిచింది. "పెద్దమ్మా, ఈ కంప్యూటర్ మీరు ఉంచుకుంటారా? పనిచేస్తుందో లేదో చూద్దాం" అని బొత్తాం నొక్కింది. పెట్టె ఎప్పటిలాగే మూలిగి మెల్లగా వెలిగింది. ఆట పెట్టింది. అది ఆపిన చోటనే మళ్ళీ తెరుచుకునే ఆట. మేమిద్దరం ఎప్పుడూ చూడని కొత్త బొమ్మ, వంటిల్లు. శనివారం ఈ పిల్ల రాకముందే సిస్టరమ్మ ఒక్కతే మొదలుపెట్టినట్టుంది.

నడుమ బల్ల మీద ఒక్క వస్తువు కూడా మిగలలేదు. శుభ్రంగా తుడిచిపెట్టినట్టుంది. కింద పేర్లు సగానికి పైగా కొట్టేసి ఉన్నాయి. సాయం బొత్తాం నొక్కితే మిగిలినవి కూడా దొరికేవి. ఆమె నొక్కలేదు.

"ఇంకా ఏమేమి మిగిలినయి బిడ్డా, చదువు" అన్నాను.

ఆ పిల్ల వంగి చదివింది. గంట. జల్లెడ. తాళంచెవి. పిల్లి.

తలుపు పై మూలన గంట, పొయ్యి పక్క అంచున జల్లెడ, కిటికీ చివర మేకుకు తాళంచెవి. కింద ఎడమ మూల గోనెసంచి వెనక నుంచి పిల్లి తల బయటికి పెట్టి మా ఇద్దరి వైపే చూస్తోంది.