పాళీ దిగినవాడికి తాళంచెవి

మా మామయ్య పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ఆసుపత్రి పార్కింగులో మా కారు పక్కన నిలబడి ఉన్నాను. మామయ్య అంటే మా ఆయన తండ్రి. డ్రైవరు సీట్లో తాళాలు చేసే అతను కూర్చుని స్టీరింగు కింది తాళం ఊడదీస్తున్నాడు. వార్డు నుంచి నర్సు, "జల్దీ ఊపర్ ఆవో, బెన్" అని త్వరగా పైకి రమ్మంది. ఆ గొంతులోనే సంగతి తెలిసిపోయింది. తెలిసి కూడా నేను వెంటనే కదలలేదు. "పని ఆపకు భయ్యా, వస్తాను" అని అతనికి చెప్పి, అప్పుడు మెట్లెక్కాను. వారమంతా బల్ల మీద కూర్చునే కునికిన మనిషికి చేతిలో ఉన్న పని తప్ప ముందూ వెనకా కనిపించవు.

ఆ పని పెట్టింది కూడా మామయ్యే. ఆసుపత్రి మంచం మీద నుంచే కారు తాళంచెవి ఎవరి చేతిలోనో పెట్టేశారు. ఎవరికిచ్చారో చెప్పలేరు. గోరుచుట్టు మీద రోకటిపోటని తిట్టుకుంటూ తాళాలతన్ని పిలిపించాను. అలా నేను ఆయన మీద కోపంగా ఉన్న వేళలోనే ఆయన వెళ్లిపోయారు. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, దుఃఖంలో కలిసిపోయి ఉంది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాస్తే కాస్త నిద్ర పడుతుందేమోనని రాస్తున్నాను.

మామయ్య కరీంనగర్ వైపు నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చారు. ఖటోదరాలో మరమగ్గాల మీదే ఆయన బతుకంతా గడిచింది. వినికిడి సగం అక్కడే వదిలేసి వచ్చారు. అందుకని మా ఇంట్లో అందరం గొంతెత్తి మాట్లాడతాం. కొత్తగా వచ్చినవాళ్లు, పాపం, ఏదో తగవు నడుస్తోందనుకుని గుమ్మంలోనే ఆగిపోతారు. పని మానేశాక ఆయన ఒక పాత తెల్ల కారు కొన్నారు. ఈ వయసులో కారేమిటని గల్లీలో నవ్వినవాళ్లకు ఆయన జవాబు ఒకటే. "మగ్గం నడిపినోనికి కారెంత? దీనికి నాలుగు చక్రాలే. దానికెన్ని పోగులో ఎవడన్న లెక్కవెట్టిండా?"

నాకు కారు నేర్పింది ఆయనే. ఆదివారాలు పల్సానా వైపు, మిల్లుల వెనక ఖాళీగా ఉండే రోడ్డుకు తీసుకుపోయేవారు. ఇంజను చప్పుడు ఆయనకు సరిగా వినిపించదు కాబట్టి డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. "జర ఆగు, గేరు మార్చు" అని ఆయన చెయ్యే ముందుగా కనిపెట్టేది. "మగ్గమైనా బండైనా చెడిపోయే ముందు చెప్తది బిడ్డా. మనమే ఇనం" అనేవారు. నేను ఒకసారి డివైడరు మీదికి ఎక్కించినా తిట్టలేదు. దిగి, ముందు చక్రాన్ని చేత్తో తడిమి, మళ్లీ ఎక్కి కూర్చున్నారు. అత్తవారింటికి వచ్చిన కోడలికి స్టీరింగు ఇచ్చిన మామలు మా గల్లీలో ఇంకెవరూ లేరు.

కొడుక్కి మాత్రం నేర్పలేదు. కావాలని కాదు, కుదరలేదు. షిఫ్టును ఇక్కడ పాళీ అంటారు. ఆ తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో వేరువేరు పాళీల్లో బతికారు. మా ఆయన చిన్నతనంలో మామయ్యది రాత్రి పాళీ. పిల్లవాడు బడి నుంచి వచ్చి ఆడుకుని ఇల్లు చేరేసరికి తండ్రి పనికి బయలుదేరేవాడు. మామయ్య ఇంటిపట్టున ఉండే కాలం వచ్చేసరికి మా ఆయన పల్సానాలో బట్టకు రంగు వేసే మిల్లులో చేరాడు. "తిన్నవా" అని ఒకరు, "తిన్న" అని ఒకరు. అంతకుమించి ఇద్దరి మధ్యా మాటలు నేను వినలేదు.

తరవాత మతిమరుపు వచ్చింది. మొదట పేర్లు పోయాయి, ఆ తరవాత దారులు పోయాయి. ఒకరోజు కారు తీసుకుని ఖటోదరా వెళ్లి, ఎప్పుడో మగ్గాలు ఎత్తేసి గోదాముగా మార్చిన షెడ్డు ముందు పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఆ రోజు నుంచి కారు నడపనివ్వలేదు. కానీ తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉంచాం. అది మొలతాడుకు లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

మొదటిసారి దాన్ని పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమెకు ఇచ్చేశారు. ఎదురింటివాళ్లు చూసి చెప్పేసరికి ఆమె ఏ గల్లీలోకి పోయిందో తెలియలేదు. పాత చీరలతో పాటు ఈ ఇనుపముక్క కూడా కొసరు అనుకుందేమో. ఇంకో తాళంచెవి ఇంట్లో ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉంటే, తాళాలతను నా నిశ్చింత చెడగొట్టాడు. ఒక చెవి బయట తిరుగుతున్నంతకాలం ఆ బండి మీదని అనుకోవద్దు, లోపల మార్పించుకోండి అన్నాడు. పాత బండి, చిప్పూ గిప్పూ లేనిది. తాళం లోపల సన్నటి ఇత్తడి రేకులుంటాయి. వాటి వరస మార్చి, ఆ కొత్త వరసకు తగ్గట్టు కొత్త చెవి కోశాడు. పాత చెవి లోపలికి పోతుంది, కానీ తిరగదు. తలుపులది, డిక్కీది, స్టీరింగుది, అన్నీ విప్పి అన్నీ మార్చేసరికి పొద్దు వాలింది. నేను ఎండలో గొడుగు పట్టుకుని కాపలా ఉన్నాను.

ఆ కొత్తదాన్ని ఒక టెంపో డ్రైవరుకు ఇచ్చారు. మా ఇంటికి చీరల మూటలు దించడానికి వచ్చినవాడు. నేను ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పని చేస్తాను. మళ్లీ తాళాలు విప్పడం, మళ్లీ గొడుగు. చూసినవాళ్లందరూ తలా ఒక సలహా ఇచ్చారు. మెడకు కట్టమన్నారు, దాచిపెట్టమన్నారు. దాచిపెట్టాను కూడా.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. సాయంత్రమయ్యేసరికి మామయ్య గుమ్మానికీ గోడకీ మధ్య తిరిగేవారు. "వాడు దిగిండు. పాపం, బయట నిలవడ్డడు. చాబి ఏది?" ఎవరు నిలబడ్డారో మాకు తెలియదు. కంచం ముందు పెడితే తోసేసేవారు. పెద్దమనిషి పసిపిల్లాడిలా కంగారు పడుతుంటే చూడలేక, దాచింది తీసి మొహాన కొడదామా అన్నంత విసుగు వచ్చేది నాకు.

ఆయనతో కలిసి మగ్గం నేసిన ఒక పెద్దాయన ఒకనాడు చూడ్డానికి వచ్చాడు. నేను నా గోడు వెళ్లబోసుకుంటే నింపాదిగా విన్నాడు.

"గది పాళీ చాబి, బిడ్డా" అన్నాడు. "మాకు పండేటి ఖోలీ ఒక్కటే ఉండె, తాళం ఒక్కటే, చాబి ఒక్కటే. సగం మంది పగటీలు, సగం మంది రాత్రి. వాడు లేసిన చాప మీద వీడు పండాలె. గోడకు తగిలిస్తే ఎవడన్న ఎత్కపోతడని చేతికే ఇస్తుంటిమి. ఖోలీ నుంచి పనికొచ్చినోడు, పని దిగినోని చేతుల వెట్టాలె. ఆ మగ్గాల సప్పుడుల మాటలేడ ఇనవడ్తయి? చాబి చేతికొచ్చిందంటే, ఇగ నువ్వు పోయి పండుకో అన్నట్టు."

"అయితే ఆ గిన్నెలామెకు ఎందుకిచ్చిండు?"

"ఎండల గంప మోసుకొచ్చింది గద. అలసి ఉంటది."

ఆ పెద్దాయన వెళ్లిపోయాక నేను చాలాసేపు ఏ పనీ ముట్టుకోలేదు. టెంపో డ్రైవరు మూటలు దించి మెట్టు మీద కూలబడటం నా కళ్లారా చూశాను. మామయ్యకు వాళ్ల పేర్లూ తెలియవు, మొహాలూ తెలియవు. అలసట ఒక్కటే గుర్తుపట్టగలిగేవారు.

తిరగని పాత చెవి ఒకటి నా దగ్గర మిగిలే ఉంది. దాన్ని ఆయన మొలతాడుకు కట్టాను. ఆ సాయంత్రం ఆయన దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశారు. "పో బిడ్డా, ఇంత అన్నం దిని పండుకో. మగ్గం నేను జూస్కుంట" అన్నారు. నాకు వంట ఉంది, రాళ్లు అంటించాల్సిన చీరలున్నాయి, పడుకునేదెక్కడ? అయినా గుమ్మంలో కాసేపు ఊరికే కూర్చున్నాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన తరవాత నన్ను పడుకోమన్నవాళ్లు ఆయన తప్ప ఎవరూ లేరు.

తరవాత గల్లీ అంతా నేర్చుకుంది. పాలతనికి ఇచ్చినా, ఆటో నడిపే పక్కింటతనికి ఇచ్చినా, "సరే దాదా" అని తీసుకుని, రెండడుగులు వేసి, తెచ్చి నాకిచ్చేవారు. మామయ్య నిద్రపోయాక దాన్ని దిండు కింద పెట్టేదాన్ని. రోజులు కొంచెం తేలికపడ్డాయి.

మా ఆయనకు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన మిల్లు నుంచి సరిగ్గా అదే వేళకు వస్తాడు. ప్యాంటు, చొక్కా చూసి మామయ్య ఆయన్ని మగ్గాల మాస్టరు అనుకునేవారు. మాస్టరు ముందు చాబి బయటికి తీస్తే పనిగంట కాకముందే పాళీ మారుస్తున్నారని తిడతాడట. అందుకని కొడుకు లోపలికి రాగానే దాన్ని తొడ కింద దాచి, నిటారుగా కూర్చునేవారు. మొదట్లో అందరం నవ్వుకున్నాం. మా ఆయన కూడా నవ్వాడు. కొన్నాళ్లకు ఆయన నవ్వడం మానేశాడు.

"గల్లీల అందరికిచ్చిండు" అన్నాడొకసారి, చేతుల రంగు రుద్ది రుద్ది కడుక్కుంటూ. "పన్నెండు గంటలు నిలవడి వస్తున్న. నేను ఒక్కన్నే ఆయన కండ్లకు అలసినట్టు కనవడనా?"

చొక్కా విప్పి రమ్మన్నాను. బనీను మీద వెళ్లి నిలబడ్డాడు. మామయ్య లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మా ఆయన ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు.

మొన్న ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేర్చాం. పాత చెవిని ఆయన దిండు కిందే పెట్టాను. చివరి రోజు ముందటి సాయంత్రం డాక్టరు రాసిచ్చిన మందు కోసం కిందికి వెళుతూ, అసలు తాళంచెవిని మంచం పక్కన స్టూలు మీద మరచిపోయాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన వచ్చి ఉన్నాడు. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి, పొద్దున మళ్లీ పనికి పోవాలి ఇంటికెళ్లి పడుకోమని పంపేశాను. మర్నాడు పొద్దున కారు కోసం చూస్తే స్టూలు మీద చెవి లేదు. పాతది దిండు కింద భద్రంగా ఉంది. అంటే నడిచేదే ఇచ్చేశారు. ఆయాను అడిగాను, వాచ్‌మన్‌ను అడిగాను, పక్క మంచం వాళ్లను అడిగాను. మా ఆయన్ని అడగాలని తోచనే లేదు. వార్డు తుడిచే ఒకావిడ రాత్రి పాళీ దిగి వెళ్లిపోయిందన్నారు. ఆమెకే ఇచ్చి ఉంటారనుకుని తాళాలతనికి ఫోను చేశాను.

తరవాతిది మొదటే చెప్పాను. కొత్త తాళం, కొత్త చెవి. దాంతోనే కారు నడుపుకుంటూ ఆయన్ని తెస్తున్న అంబులెన్సు వెనకే ఇంటికి వచ్చాను. దారిలో ఒక్కసారి, ఎందుకో, డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి చూసుకున్నాను.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రి సంచి విప్పి బట్టలు సర్దుతుంటే పాత చెవి చేతికి తగిలింది. మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. సెలవు అయిపోయింది, ఈసారి రాత్రి పాళీ వేశారు, ఆ రాత్రి నుంచే వెళ్లాలి.

"దీన్ని మామయ్య ఫోటో కాడ పెడ్దమా?" అన్నాను.

ఆయన దాని వంకే చూశాడు. "గిది నీ తాన ఎట్లున్నది? బాపు నాకిచ్చిండు గద" అని చొక్కా జేబులోంచి ఇంకొకటి తీశాడు.

ఆయనే చెప్పుకుపోయాడు, తలెత్తకుండా.

"నువ్వు మందులకు కిందికి పోయినప్పుడు. నేను పోంగనే చెయ్యి వట్టుకున్నడు. ఎంతసేపైందిరా నిలవడి, శానా అలసినవ్, పోయి పండుకో అన్నడు. పేరడిగిండు. చెప్పిన. మా పోరనిది గూడ గదే పేరు అన్నడు. పాతదే అనుకున్న. నీకు చెప్పలే. చెప్తే తీస్కపోయి మల్ల దిండు కింద పెడ్తవని."

"అది పాతది గాదు" అన్నాను. "నడిచేదే ఇచ్చిండు."

దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "ఇప్పుడు నడుస్తదా?"

"నడవది. తాళం మార్పించిన గద."

"కానియ్" అని దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. లేచి వెళ్లి, అప్పటిదాకా ఎవరమూ కూర్చోని మామయ్య మంచం మీద పడుకున్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కాసేపు కదిలాయి, తరవాత ఊపిరి నెమ్మదించింది. అంత గాఢంగా ఆయన నిద్రపోవడం నేను చూసి ఎన్నేళ్లయిందో.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. మిల్లు సూపర్‌వైజరు. రాత్రికి మనుషులు తక్కువున్నారు, ఇంకా బయలుదేరలేదేమని అడిగాడు. ఆయన పడుకున్నాడని, ఇవాళ రాడని చెప్పాను. అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నేను ఫోను బోర్లా పెట్టి, మంచం దాటి బయటికి చాచిన మిల్లు నీలిరంగు ఇంకా వదలని ఆ పాదాల మీదికి దుప్పటి లాగాను.