అది గజ్జి కాదు

మా ఇంట్లో నా మాట ఇన్నేళ్లలో ఎవరూ చెవిన పెట్టలేదు. మొన్న పెద్దన్న ఇంట్లో ఎవరో గజ్జికి రాసే గంధకం మందు మూత తీయగానే, ఆ ఘాటుకు అన్న నన్ను చూసి, "గజ్జి రాణి వచ్చినట్టుండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పేరు నాకు పదేళ్లప్పుడు పెట్టింది కూడా ఆయనే.

అప్పుడు మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. ఆరేసిన బట్టల మీద ఇంజన్ల బొగ్గు నుసి, ఈశాన్యపు వానకు చెమ్మగిల్లిన గోడలు, క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ ప్రతి వంటింట్లో అరిసెల పాకం వాసన, వరండాల్లో వామనగుంటలాడే ఆడపిల్లల గోల. ఆ ఏడు మా అమ్మ పోయింది. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లింది, ఏడిస్తే విశ్వాసం లేనట్టేనని పెద్దలన్నారు. నేను ఏడవలేదు. లోపల బిగుసుకున్నదేదో కాస్త వదులవుతుందని నా చేతులను నేనే గాయపరచుకునేదాన్ని. చావాలని కాదు, ఆ ఉక్కిరిబిక్కిరి ఆగాలని.

రైల్వే ఆసుపత్రి కాంపౌండరు నా చేతులు చూసి గజ్జి అన్నాడు. ఆ గంధకం మందే పూశారు, నా చాప వేరు చేశారు, వామనగుంటల పీట నన్ను తాకనివ్వలేదు.

అమ్మను కన్న అవ్వ విడవలూరు నుంచి వచ్చి, ఆ మందంతా కడిగి, నా చేతులు చూసింది. తిట్టలేదు, ఒట్టు వేయించుకోలేదు. తలకు నూనె రాస్తూ, "ఇది గజ్జి కాదు మే. నీకు ఏడుపు బయటికి రావడంలా" అంది. "ఏడ్సుకో. నేనూ ఏడస్తా, పోయింది నా కూతురే గదా. ప్రభువేమీ అనుకోడులే, సావాసగాడు పోతే ఆయనా ఏడ్సినాడు."

ఆ రోజుతోనే ఆ అలవాటు ఆగలేదు. అవ్వ మా దగ్గరే ఉండిపోయింది. ఆ బిగువు వచ్చినప్పుడల్లా వెళ్లి అవ్వ పక్కన కూర్చునేదాన్ని. ఆమె కాస్త జరిగి చోటిచ్చి, చింతపండు గింజలు తీస్తూ, నేను చెప్పిందల్లా వినేది. మెల్లగా తగ్గింది. అలాంటి అవ్వకు మనవరాలినని ఈ వయసులోనూ తలెత్తి చెప్పుకుంటాను.

ఇప్పుడు ఆ పొగ ఇంజన్లు లేవు, అవ్వ లేదు, వరండాలో పిల్లలూ లేరు. ఎవరి గదిలో వాళ్లున్నారు. అన్న మనవరాలు నడివేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పదు. ఎందుకో నాకు చెప్పింది. ఇంట్లో చెప్పమని తనే అడిగింది. చెప్పాను. అన్న అదంతా పంతమంటాడు. నెల్లూరులో పిల్లల మనసు చూసే డాక్టర్లున్నారు, తోడు వస్తానని అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అన్నా, నాకు పెట్టిన పేరు సంగతి తర్వాత తేల్చుకుందాం. ఆ పిల్లను నువ్వు తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్లమంటావా? ఈసారి నవ్వొద్దు, చెప్పు.