కంచు నీడ

పార్తినా వేళ్ళు రౌటరు వీపును తడుముతున్నాయి. జ్వరం తగ్గుతున్న పసివాడి ఒళ్ళులా వెచ్చగా ఉంది. గాలి ఆడే చీలికల్లో ఎండిన మల్లెరేకులు ఇరుక్కున్నాయి. సన్నటి కుంచెతో ఒక్కొక్కటే బయటికి లాగింది. వాటి వెంట ధూపం బూడిద కూడా రాలింది.

"ఇదేంటి బూ, దీనికి కూడా పూలు పెడుతున్నారా?"

"దీనికెందుకే? ఆయనకి చల్లుతుంటే వచ్చి దీని మీద పడుతున్నాయి," అంది ఇంటావిడ సుమిరా. ఆ ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని 'బూ' అని, పెద్ద మగవాళ్ళని 'పాక్' అని పిలుస్తారు.

ఆయన అంటే గాంగ్. టేకు చట్రానికి వేలాడే, బండి చక్రమంత కంచు గాంగ్, గుండ్రటి పళ్ళెంలాంటి గంట. పేరు క్యాయి ఉదన్ సోరే. అంటే సాయంత్రపు వానగారు. ఇంట్లో అందరికన్నా పెద్దవాడు. గురువారం సాయంత్రాలు ఆయనకు పూలూ ధూపమూ అందుతాయి. ఆయన వెనుక గూట్లో రౌటరు పెట్టించింది సుమిరాయే. ఆయన నీడన ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరని ఆమె నమ్మకం.

ఎదురుగా చాప మీద ఆమె భర్త పాక్ రెసో కూర్చుని ఉన్నాడు. సుత్తి పట్టే బలం చేతుల్లోంచి ఎప్పుడో పోయింది, చెవి మాత్రం మిగిలింది. పక్క ఊరి కొలిమిలో గియార్తో అనే శిష్యుడు కొత్త గాంగ్ చేస్తున్నాడు. దాని గొంతు ఈ ఇంటి గాంగ్ గొంతుతో కలవాలి. అక్కడ అతను మోగిస్తే, ఇక్కడ పాక్ రెసో ఫోనులో విని, ఎక్కడ కొట్టాలో, ఎప్పుడు ఆపాలో చెబుతాడు. పోయినసారి 'ఆపు' అన్న మాట ఆలస్యంగా చేరింది. అప్పటికే ఇంకో దెబ్బ పడింది. కంచు చిట్లింది.

"ఈ మధ్యాహ్నం కూడా అట్టా అయితే గియార్తోని ఇంకో చెవి వెతుక్కోమంటాను," అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"మీ చెవి బాగానే ఉంది పాక్. దారే బాలేదు," అంది పార్తినా.

పార్తినాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. తండ్రి సైకిళ్ళు బాగుచేసేవాడు. చిన్నప్పుడు, ఆయన పడుకున్నాక, ఆమె పాత రేడియో విప్పి, మళ్ళీ బిగించేది. చివరికి ఒక మరమేకు మిగిలిపోయేది. అదెక్కడిదో తెలిసేదాకా అన్నం సయించేది కాదు. ఇప్పుడు సుకోహార్జో ఊరి సందుల్లో ఆమె మోటారుబండి చప్పుడు వినగానే ఇల్లాళ్ళు పాడైన కుక్కర్లు, మూగబోయిన టీవీలు వాకిట్లోకి తెస్తారు. ఎంతకీ దొరకని జబ్బయితే ఆమె మాట్లాడటం మానేస్తుంది.

ఇప్పుడూ మానేసింది. ముందుగా ఫోను సంగతి చూసింది. మోతను రొద అనుకుని తుడిచిపారేసే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని తీసేసింది. రౌటరు ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ వెలిగించింది. ఇరుగుపొరుగుల సంకేతాలతో గుద్దుకోని దారికి మార్చింది. గూటి దగ్గర ఫోను పెడితే సంకేతం బలం చూపే అంకె ఎగిరి గంతేసింది. చాప దగ్గరికి తెస్తే నీరసంగా కూలబడింది.

"ఆయన్నే గూటి దగ్గర కూర్చోబెడితే?" అంది సుమిరా.

"వీపు చూస్తూ గొంతు పోల్చమంటావా? గాంగుని ఎదురుగానే వినాలి!" కసిరాడు పాక్ రెసో.

పార్తినా కళ్ళు సగం మూసి, ఫోను అరచేతిలో పెట్టుకుని, చీకట్లో దీపం పట్టుకున్నట్టు హాలంతా మెల్లగా నడిచింది. వెదురు తోపులో గాలి. పెంకుల సందుల్లోంచి జారిన ఎండ నేల మీద ఈదుతోంది. ఒకచోట అంకె పడిపోయింది. పక్కకు ఒరిగితే లేచింది. మళ్ళీ లోపలికి జరిగితే పడింది. అంచు గుండ్రంగా ఉంది. ఎండ పడకుండానే అక్కడొక నీడ పరుచుకుని ఉంది. పాక్ రెసో చాప సరిగ్గా ఆ నీడ నడుమ ఉంది.

పార్తినాకు నవ్వొచ్చింది.

"పాక్, ముసలాయనే అడ్డు."

"నేనా?"

"మీరు కాదు, ఈయన. మందపాటి కంచు, దాన్ని దాటి సంకేతం రాలేకపోతోంది."

పాక్ రెసో గాంగ్ వైపు తిరిగాడు. "కొత్తవాడు పుడుతుంటే ఓర్వలేకపోతున్నావా, ముసలోడా?" అన్నాడు ప్రేమగా.

"ఆయన్ని కదపడానికి వీల్లేదు. మంచిరోజు చూడాలి, నేను ఉపవాసముండాలి," అంది సుమిరా కంగారుగా.

"కదపను బూ. ఈ రౌటరునే కదుపుతా. చట్రం పైన పెడితే..."

"ఆయన తల మీదా! నీకు మతి పోయిందా పిల్లా!"

పార్తినా నాలిక కరుచుకుంది. కిటికీ పక్క స్తంభానికి చిన్న చెక్క ఉంది, గాంగ్ తల కన్నా కిందికి, చాపకు నేరుగా. రౌటరును దాని మీద పెట్టింది. పాత తీగ అంతదూరం రాదు. సంచిలోంచి కొత్తది తీసి గోడ వెంట పరిచింది. చివర తొక్క ఒలిచి, రంగురంగుల పోగులను వరసగా దువ్వి ప్లగ్గులోకి నొక్కింది. టేకు చట్రానికి ఒక్క మేకూ తగలనివ్వలేదు. చాప దగ్గర ఫోను చూసుకుని తల ఊపింది.

గియార్తో ముఖం తెరమీద తేటగా వచ్చింది. "వినపడుతోందా గురువుగారూ?"

"ముందు మోగించు. తర్వాత వాగు."

మోగింది. నీళ్ళలో ఊపిరి తీసుకున్నట్టు మోత ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బింది. పాక్ రెసో తన గాంగును మెత్తటి గుబ్బకర్రతో తాకాడు. రెండు అలలూ గదిలో కలిసి నడవబోయి కొద్దిగా తడబడ్డాయి.

"అంచుకి ఎడమపక్క. నెమ్మదిగా... ఇంకోటి... ఆపు!"

సుత్తి గాల్లోనే ఆగింది. గియార్తో మళ్ళీ మోగించాడు, ఇక్కడ పాక్ రెసో కూడా తన గాంగును తాకాడు. ఈసారి ఏ అల ఏ గాంగుదో పార్తినాకు తెలియలేదు. వాన ఎక్కడో దూరాన కురుస్తూ ఇంట్లోకి నడిచి వచ్చినట్టుంది. పాక్ రెసో కళ్ళు మూసుకున్నాడు.

"చాలు. ఇంక దాన్ని ముట్టుకోకు," అన్నాడు చివరికి.

పార్తినా కుంచె కడిగి సంచిలో పెట్టింది. పాత తీగ చుట్ట సుమిరా చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి బూ. పూలు మాత్రం ఆయనకే," అంది.

సుమిరా సరేనంది. అయినా మనసొప్పక ఒక మల్లెపువ్వు తెచ్చి, రౌటరుకు తగలకుండా, చెక్క చివరన పెట్టింది.