అబెలార్దోకు దక్కిన రెండు గంటలు

బొగోతా కొండవాడలో చూపులేని అబెలార్దోను ఎరగనివారు లేరు. చేతిలో తెల్లకర్ర, వీపున మాసిన బట్టల మూట, పక్కన తల్లిలేని ఆరేళ్ల యెసేనియా. పాలు పొంగబోతున్నాయని చప్పుడుతోనే పట్టేస్తాడు. కూతురు పళ్లు తోమిందో లేదో నోటి దగ్గర ముక్కు పెట్టి తేల్చేస్తాడు. ఆ పిల్లకు ఆయన వేసే రెండు జడలు మాత్రం కొలబద్ద పెట్టి అల్లినట్టుంటాయి.

ఇంట్లో ఒకరిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు నగరపాలిక వారానికి రెండు గంటలు విశ్రాంతి ఇస్తుంది. అంతసేపూ బట్టలు నగరపాలిక మనుషులే ఉతికి, పిల్లల్ని కూడా వాళ్లే ఆడిస్తారు; వచ్చినవాళ్లు హాయిగా వ్యాయామం చేసుకోవచ్చు. అబెలార్దో పేరు రాయించుకోబోతే బల్ల దగ్గరి అమ్మాయి యెసేనియా వైపు వంగి, "మీ నాన్నను ఎప్పట్నుంచి చూసుకుంటున్నావు తల్లీ?" అంది. చూసుకునేది పిల్లేనని రాసేసింది కూడా; ఆ లెక్కన ఆయన విశ్రాంతి గల్లంతే. "నేనా? నిన్న నాకు స్నానం చేయించడానికి, నేను దాక్కున్న మంచం కిందకి నాన్నే దూరాడు!" అంది పిల్ల. వరసలో వెనకే ఉన్న వాడమనిషి హెర్మెలిండా ఊరుకుంటుందా? "కళ్లు లేనిది ఆయనకా, నీకా? ఆ జడలు చూడవే!" అమ్మాయి చూసింది. చెవులదాకా ఎర్రబడి, రాసింది కొట్టేసి, చూసుకునేవాళ్ల వరసలో ఆయన పేరెక్కించి, వ్యాయామం గదికి తానే తీసుకెళ్లింది. "చాప మీద పడుకుని కళ్లు మూసుకోండి" అంది పంతులమ్మ. "మూసే ఉన్నాయి, కానివ్వండమ్మా" అన్నాడు అబెలార్దో. రెండో నిమిషానికల్లా గురక మొదలైంది. గదిలోని పదిహేనుమంది ఆడవాళ్లు ఆయన లేవకుండా ఆ పూటంతా నవ్వు బిగబట్టుకుని, మునివేళ్ల మీదే వ్యాయామం చేశారు.