మూడో తీగ

కాయిలక్కకు మోటార్లంటే భయం లేదు, మనుషులంటే మొహమాటం లేదు. ఇరవై రెండేళ్లుగా కాలిన మోటార్ల పొట్ట విప్పి, మాడిన రాగితీగ పీకి, కొత్త కాయిల్ చుడుతోంది.

వడ్రంగి పనిచేసే మరిది చిత్రిక పట్టే మిషన్ కొన్నాడు. అదేమో మూడు ఫేజులది. వీధికి ఉన్నది ఒకటే. ఏడాదిదాకా మూడు ఫేజుల లైను రాదని కరెంటాఫీసులో తేల్చేశారు. సాయంత్రంలోగా తిరక్కపోతే వెనక్కి పట్టుకుపోతానని అమ్మినవాడు వచ్చి కూర్చున్నాడు. మిషన్ పోతే మరిది మళ్లీ చేత్తోనే చిత్రిక పట్టాలి. భుజం అరిగిపోయి అతని కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

అక్క అప్పటికే పెద్ద మోటారొకటి మూల బిగించి, దానికీ మిషన్ మోటారుకీ ఇంటి కరెంటుకు సరిపడేలా చుట్లు మార్చేసింది. రెండు తీగల్లో ఇంటి కరెంటిస్తే పెద్ద మోటారు తనంతట లేవదు. ముందు ఇరుసుకు తాడు చుట్టి లాగాలి. తిరగడం మొదలెట్టిందా, మూడో తీగలో కరెంటు అదే పుట్టిస్తుంది.

"తాడేసి లాగితేగాని లేవదా వదినా?" అన్నాడు మరిది.

"మీ అన్న కంటే నయం. ఇది లేచాక మళ్లీ పడుకోదు."

తాడు లాగి స్విచ్చేసింది. మిషన్ తిరిగింది. చెక్క పెట్టగానే, మిషన్ మోటారుకు కరెంటు కలిపే స్టార్టర్ టక్కుమని వదిలేసింది, మిషన్ ఆగిపోయింది. మూడుసార్లు చూసినా అంతే. ఇంటి కరెంటుతో అయ్యే పని కాదమ్మా అంటూ అమ్మినవాడు లేచాడు. మరిది భుజం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

అక్క అమ్మినవాణ్ని కూర్చోమని, మూడో తీగకు మీటరు పెట్టింది. చెక్క తగలగానే ముల్లు జారింది. పుట్టించిన కరెంటు, బరువు పడితే కాస్త తగ్గుతుంది, మిషన్‌కదేం లెక్క కాదు. కానీ స్టార్టర్‌ని పట్టి ఉంచే, కరెంటు కాస్త తగ్గినా పట్టు వదిలేసే చిన్న కాయిల్‌ని కూడా అదే తీగకు కట్టారు. ఎవరు? తనే. తన చేత్తో పుట్టించిన కరెంటు గదా, అంత నమ్మకం.

"నా తప్పే," అంది. "ఐదు నిమిషాలు."

అన్నీ ఆపి, ఆ కాయిల్‌ని ఇంటి లైను రెండు తీగలకు మార్చింది. మళ్లీ తాడు, మళ్లీ స్విచ్చు. మరిది ఎడమచేత్తో చెక్క తోశాడు. పొట్టు ఎగిరి అమ్మినవాడి ఒళ్లో పడింది. చెక్క అవతలికి నున్నగా వచ్చింది. స్టార్టర్ కిమ్మనలేదు.

మరిది రెండో చెక్క అందుకున్నాడు. పక్కకు జరగమని అమ్మినవాడికి మోచేత్తోనే చెప్పాడు.